పైడమ్మ గోడ మీది గాజుపట్టీ

నిలబడే ఉద్యోగం

మా మనవరాలు లావణ్యకి ఉద్యోగం వచ్చింది. ఏ కొండ జారుతుందో, ఏ ఏటిగట్టు విరుగుతుందో, వరద ఎందాకా వస్తుందో చూసే ఆఫీసులో. నేను చేసిందీ అలాంటి ఆఫీసులోనే. కాకపోతే దానిది కుర్చీ ఉద్యోగం, నాది నిలబడే ఉద్యోగం. మొన్న టాటానగర్‌లో మా కాసిడీహ్ ఇంట్లో లావణ్య గడప మీద కూర్చుని బఠాణీలు వలుస్తుంటే తిట్టి లేపాను. లేస్తూ అడిగింది, "నానీ, ఆప్ వహా కర్తీ క్యా థీ?" అక్కడ నువ్వు చేసిందేమిటని. నేను తెలుగులో మాట్లాడతాను, అది హిందీలో జవాబిస్తుంది. మా ఇంట్లో అలాగే నడుస్తుంది.

"కర్ర పట్టుకొని నిలబడీదాన్ని," అన్నాను.

అది నవ్వింది. నవ్వితే నవ్వింది గాని, ఆ కర్ర పక్కన నిలబడి చూసింది కొంత ఉంది. దానికీ, దానిలాగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నాను. పాత కేలండరు కాగితాల వెనకవైపు రాస్తున్నాను. ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాన్ని పారేసే ఇల్లు కాదు మాది. నా చదువు సాక్చి దగ్గర తెలుగు బడిలో నాలుగో తరగతితో ఆగింది, కాబట్టి తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా ఆయన ఆ ఆఫీసులో ఖలాసీ. సామాను మోయడం, మేకులు దిగగొట్టడం, ఇంజనీరు దూరాన దుర్భిణిలోంచి చూస్తుంటే అంకెలు వేసిన కొలకర్రను నిటారుగా పట్టుకోవడం ఖలాసీ పని. ఆయన జ్వరంతో పోయాక ఆ పని నాకిచ్చారు. ఆడమనిషి ఏటిగట్టున కర్ర పట్టుకుని నిలబడ్డమేమిటని టాటానగర్ స్టేషను దగ్గరుండే మా మరిది మొహం ముడుచుకున్నాడు. మొదటి జీతం వచ్చాక ఆ ముడత పోయింది.

ప్రమోషన్ల సంగతి రాయను. ఒకటి వచ్చింది. కర్ర మాత్రం అదే.

కర్ర ఒరిగితే అంకె అబద్ధం చెబుతుంది. వాన పడుతున్నా రెండో చేత్తో గొడుగు పట్టకూడదు. ఈ రెండూ నాకు మొదటిరోజున చెప్పినవాడు ఘోష్ బాబు. నేలనీ రాళ్ళనీ చదివే పని ఆయనది. సన్నటి మనిషి, కలకత్తా వైపువాడు. చొక్కా జేబుల్లో ఎప్పుడూ రాళ్ళే, అందుకని చొక్కా కంటే ముందు జేబులు చిరిగేవి. నేను కుట్టిపెట్టేదాన్ని. "రాళ్ళకి సంచీ కొనుక్కోండి బాబూ, చొక్కా గుడ్డ ఊరికే వస్తుందా," అంటే నవ్వి, "జేబులో ఉంటేనే గుర్తుంటాయి దీదీ," అనేవాడు.

బియ్యం డబ్బా ఎక్కడ పెట్టావు

వరద తీసిన తరువాత మా పని మొదలయ్యేది. ఖర్కాయి ఏటి ఒడ్డు బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడల మీద గుర్తు పెట్టాలి. ఆ గుర్తులన్నీ కలిపితే వచ్చే ఏడు ఎవరిని ముందు లేపాలో తెలుస్తుంది. తేలికనిపిస్తుంది కదా. మొదటి వీధిలోనే ఒకామె నన్ను నిలదీసింది.

"ఎవలకి రాత్తన్నారు? సాయం ఇచ్చీవోలకా, ఇల్లు తీయించీవోలకా?"

"ఎవలకైతే ఏటి? నీళ్ళు ఎందాక వచ్చినాయో సెప్పు."

"సాయానికైతే పీకదాక. తీయించడానికైతే సీలమండదాక."

పక్కింటి వాళ్ళంతా నవ్వారు. ఘోష్ బాబుకి నేను హిందీలో చెబితే ఆయనా నవ్వాడు, కాని పీక అనీ రాయలేదు, చీలమండ అనీ రాయలేదు. తలుపు పక్కన కూర్చుని అన్నాడు. "దీదీ, నీళ్ళ సంగతి అడక్కు. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టిందో అడుగు. మా ఊళ్ళో వరద వచ్చినప్పుడల్లా మా అమ్మ ముందు బియ్యం ఎత్తేది, తరువాత నన్ను."

అడిగాను. ఆమె వెంటనే లోపలికి తీసుకెళ్ళింది. "ముందల ఈ గూట్లో ఎట్టినాను. గూడు తడిసీలాగుందని అటక మీదికి ఎత్తినాను." గూటి అడుగున బురద గీత సన్నగా ఉంది. కర్ర అక్కడ ఆనించాను.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా అదే ప్రశ్న. బియ్యం ఎక్కడ పెట్టావు, మేకని ఎక్కడ కట్టావు. తన కష్టం గురించి అడిగితే మనిషి చేతులతో సహా చూపిస్తుంది. అంకె అడిగితే మాత్రం మీ చొక్కా చూసి చెబుతుంది. మీరు ఎంత చదివినా ఇది గుర్తుంచుకోండి. ఇంకొకటి, మొదటి ఇంట్లో టీ తాగితే చివరి ఇంటిదాకా తాగాలి. లేకపోతే వీధి వీధంతా అలుగుతుంది. నేను మంచినీళ్ళతో సరిపెట్టేదాన్ని, అన్ని ఇళ్ళలోనూ.

అందరు పైవాళ్ళూ ఘోష్ బాబులాంటి వాళ్ళు కారు. ఒక సాహెబు ఉండేవాడు. రెండు ఏర్లు కలిసే దోముహానీ దగ్గర సువర్ణరేఖ నిండితే ఖర్కాయి నీళ్ళు కలిసే దారిలేక వెనక్కి తంతాయి. మన నెత్తిన వాన లేకపోయినా వరద వస్తుంది. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. తెలిసి ఏం చేశాడంటే, జీపుకి మైకు కట్టి "ఖాళీ కరో, ఖాళీ కరో" అని బస్తీలో ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు. ఆకాశం చూస్తే మబ్బు లేదు. ఎవరు కదులుతారు? ఒక ముసలాయన మైకు వంక చూసి, "ఈడేటమ్ముతన్నాడు?" అని అడిగాడు. సాహెబు చెప్పింది నిజమే. జీపు దిగి చెప్పలేదు, అంతే. జీపు దిగనివాడి నిజాన్ని ఎవరూ కొనరు.

పైడమ్మ

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

ఖర్కాయి మలుపులో ఎత్తుగా ఒక గట్టు, గట్టు మీద ఒక వరుస ఇళ్ళు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. అది పుట్టుకతో గట్టు కాదు. ఎప్పుడో ఎవరో పోసిన బొగ్గు బూడిద, ఉక్కు కొలిమిలో మిగిలిన స్లాగ్, రాళ్ళూ రప్పలూ. పైన మట్టి పడి గడ్డి మొలిస్తే అదే నేల అనుకున్నారు. దాని అడుగున జిగటమన్ను. ఘోష్ బాబు నాకు ఇలా చెప్పాడు: "తడిసిన సబ్బు మీద బియ్యం మూట పెట్టినట్టు, దీదీ. ఏరు కిందనుంచి సబ్బుని అరగదీస్తోంది. వాన పైనుంచి మూటలోకి దిగుతోంది."

ఆ వరుస మధ్య ఇల్లు పైడమ్మది. విజయనగరం వైపు మనిషి, మా అమ్మగారి ఊరికి దగ్గరే. నన్ను అప్పా అనేది, అంటే అక్కా అని. మొగుడు సూరయ్య వడ్రంగి, కాంట్రాక్టు పనుల మీద ఊళ్ళు తిరిగేవాడు. ఒక్కతే కూతురు, రాధ.

అన్ని ఇళ్ళ గోడల్లోనూ ఒకే తీరున పగుళ్ళు వచ్చాయి, వరుస పొడుగునా గీత గీసినట్టు. అవి పాతవా, ఇంకా పెరుగుతున్నాయా అన్నది తెలియాలి. ఆఫీసులో సూక్ష్మదర్శిని కింద పెట్టే పలచటి గాజుపట్టీలు, వేలెడంతవి, ఉండేవి. ఘోష్ బాబు ఒక్కొక్క పగులుకీ అడ్డంగా ఒక పట్టీ పెట్టి, రెండు కొసలూ ప్లాస్టరుతో అతికించాడు. గోడ ఇసుమంత కదిలినా గాజు ఓర్చుకోదు, విరుగుతుంది. విరిగితే నేల కదులుతున్నట్టు.

తరువాతి సారి వెళ్ళేసరికి పైడమ్మ తన గాజుపట్టీకి పసుపు పూసి నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. "ఇదేంటి?" అని నా చేత అడిగించాడు ఘోష్ బాబు.

"ఇంటిని కాసీదానికి బొట్టెట్టకపోతే ఎలాగ బాబూ?"

ఆయన మొహమాటస్థుడు. విరిగిందీ లేనిదీ కనిపిస్తే చాలు కదా అని ఊరుకున్నాడు.

నెలలు గడిచాయి. ఎగువ ఇళ్ళలో పట్టీలు విరిగాయి, దిగువ ఇళ్ళలో విరిగాయి. మధ్యనున్న పైడమ్మ ఇంట్లో మాత్రం చెక్కుచెదరలేదు. ఆఫీసులో మైకు సాహెబు సంతోషించాడు. మధ్యభాగం కింద గట్టి రాయి ఉండి ఉంటుంది, రెండు చివరల వాళ్ళని లేపితే చాలు అన్నాడు. ఘోష్ బాబుకి ఆ మాట గొంతు దిగలేదు, కాని గాజు అబద్ధమాడదు కదా. అలాగే రాశారు.

ఆ మాట గట్టు మీదికి ఎలాగో చేరింది. ఇక వాన గట్టిగా పడితే చివరి ఇళ్ళ వాళ్ళు పిల్లల్నీ దుప్పట్లనీ పట్టుకుని పైడమ్మ ఇంటికి వచ్చేవాళ్ళు. "ఆపీసోలే రాసినారు గదేటి, పైడి ఇల్లు కదల్దని." పైడమ్మ అందరికీ గంజి కాచి పోసేది. వరుసలో ఉన్న పిల్లలందరూ ఆ ఒక్క గదిలో వరసగా పడుకోవడం నేను చూశాను. చూసి, పోనీలే, తలదాచుకోవడానికి ఒక్క ఇల్లయినా గట్టిగా ఉంది అనుకున్నాను.

రేకుడబ్బా

ఆ ఏడు శ్రావణానికి రాధ పెళ్ళి కుదిరింది. ఆషాఢం చివర్లో మేము పట్టీలు చూడ్డానికి వెళ్ళాం. ఘోష్ బాబు గట్టు దిగి ఏటి దగ్గర ఉన్నాడు. పైడమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది, పెళ్ళి కబుర్లు చెప్పింది, మధ్యలో గోడవైపు చెయ్యి చూపించింది.

"ఏటప్పా, మీ అద్దాన్ని నానెలాగ సూసుకుంటన్నానో మీ బాబుకి సెప్పు. ఒక్కనాడు ఇరిగినది ఉంచినానా?"

"ఇరిగినది ఉంచడమేటే?"

"ఇరిగితే బేగి తీసీసి కొత్తది ఎట్టి, పసుపు రాసీదాన్ని. జుగ్‌సలాయిలో పొటోలకి ప్రేములు కట్టీవోడు కోసిత్తాడు. సూరయ్య ఒగ్గీసిన ప్లాస్టరు ఉంది. పెళ్ళి కుదిరిన ఇంట పగిలిన అద్దం ఉంచుతారేటప్పా? పిల్లకి మంచిదేటి?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "మరి సెప్పలేదేటే?"

"అంత ఓపిగ్గా ఎట్టినాడు గదా బాబు. ఇరిగిందంటే మనసు కట్టపెట్టుకుంటాడని సెప్పనేదు."

మంచం కిందనుంచి రేకుడబ్బా లాగింది. పాత గుడ్డల్లో చుట్టి విరిగిన గాజుముక్కలు. "పారేత్తే ఎవల కాల్లో దిగుతాయో అని దాసినాను."

విరిగిన అద్దం ఇంట్లో ఉంచకూడదన్నది నాకూ తెలుసు. మా ఇంట్లోనూ ఉంచను. మన వాళ్ళలో ఏ ఆడదైనా ఆ పనే చేసి ఉండేది.

ఘోష్ బాబుని కేకేశాను. ఆయన వచ్చి రుమాలు పరిచి ముక్కలు పోసుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. అన్ని ఇళ్ళలోకీ ఎక్కువ విరిగింది ఇక్కడే. గట్టు జారబోయేది చివర్లనుంచి కాదు, ఈ గది కిందనుంచి. పిల్లల్ని తెచ్చి పడుకోబెడుతున్న గది కిందనుంచి.

పైడమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి బిక్కచచ్చిపోయింది. "తప్పు సేసినానా బాబూ?"

"నీ తప్పు కాదు. గాజు ఎందుకు పెట్టానో సాహెబుకి చెప్పాను, కాగితానికి చెప్పాను. నీకే చెప్పలేదు."

"అయితే అది ఇల్లు కాయదా?"

"కాయదు అమ్మా. ఇల్లు కదిలితే విరిగి మనకు చెబుతుంది. దాని పని అంతే."

పైడమ్మ ఆ పసుపు వంక చూసింది. "పాపం, ఎన్నిసార్లు సెప్పిందో," అంది.

రాట

గట్టు వాళ్ళందరూ ఉండడానికి ఆఫీసు ఒక బడి భవనం ఇప్పిస్తామంది. పైడమ్మ ఒప్పుకోలేదు. వచ్చే శుక్రవారం పెళ్ళిరాట పాతాలి. ఇంటి ముందు రాట పాతారంటే పెళ్ళయి, పదహారు రోజుల పండగయి, రాట తీసేదాకా ఆ ఇల్లు వదలకూడదు. ఆ రోజులన్నీ నడివాన కాలం. శుక్రవారం లోగా కదలకపోతే ఇక కదలదని నాకు తెలుసు. అది కదలకపోతే మిగతావాళ్ళూ కదలరు, పైగా పెళ్ళి చుట్టాలొచ్చి అదే గదిలో దిగుతారు.

ఘోష్ బాబు సబ్బూ బియ్యం మూటా అన్నీ చెప్పాడు. ఆమె వింది, అర్థమయింది కూడా. "బాబు మాట అబద్దమని అననేదు. బడిలో పిల్లని పెళ్ళికూతుర్ని సేత్తానేటి? పుట్టిల్లు నేని పిల్లని ఎవలు గౌరవిత్తారు?"

నేను అప్పటికి చాలా ఓర్చుకున్నాను. "ఒలే పైడీ, రాట మా ఇంటిముందు పాతు. నన్ను అప్పా అంటన్నావు, రాధకి పెద్దమ్మని. పెద్దమ్మ ఇల్లు పుట్టిల్లు కాదేటి?"

"నీ ఇంట్లోనా?" అంది పైడమ్మ, ఏడుపులోనే నవ్వొచ్చింది దానికి. "ఉల్లిపాయ పొట్టు కూడా దాసుకుంటావు. నీ ఇంట్లో పెళ్ళేటి సేత్తాను? అక్షింతలు ఏరి మళ్ళీ వండిత్తావు."

"వండుతాను. తక్కువ జల్లమని సెప్పు."

నవ్వింది గాని, మళ్ళీ మొహం దించుకుంది. "మరి గడపో? ప్రతి శుక్రారం దానికి పసుపు రాసి పిల్లని పెంచినాను. అది దాటకండా అత్తోరింటికి ఎలాగంపుతాను అప్పా?"

పెళ్ళి పనులకి ఊరునుంచి వచ్చిన సూరయ్య అంతవరకు మూల కూర్చుని ఉన్నాడు. లేచి గునపం తెచ్చుకున్నాడు.

"నాను ఎట్టిన గడపే గదా," అన్నాడు. "నానే తీత్తాను."

సాలుచెక్క గడప, పసుపు పేరుకుని నిగనిగలాడుతోంది. సూరయ్య దాన్ని పసిబిడ్డని తీసినట్టు తీశాడు. పైడమ్మ దాని మీద కొత్త తువ్వాలు కప్పింది. జీపు వెనకాల ఘోష్ బాబు కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్యాంటు నిండా పసుపు. ఆ పసుపు ఉతికినా పోలేదని తరువాత నాకు చూపించాడు.

వరుస వరుసంతా బయటికొచ్చి చూశారు. ఒక ముసలమ్మ, "పైడి గడపే ఎల్లిపోతంది, మనకింకేటుందే," అంది. రెండురోజుల్లో గట్టు ఖాళీ అయింది. కొందరు బడికి, కొందరు చుట్టాల ఇళ్ళకి. మైకుతో కదలనివాళ్ళు గడప వెనకాల నడిచారు.

ఏరు తగ్గినప్పుడు

పెళ్ళి మా ఇంటి ముందు ఆఫీసు పాత టార్పాలిన్ కింద జరిగింది. వాన పడుతూనే ఉంది. మా గుమ్మం ముందు ఇటుకలు పేర్చి ఆ గడప పెట్టారు. రాధ దాన్ని దాటి వెళ్ళింది. అక్షింతలు ఏరలేదు నేను. ఆ ఒక్కరోజు ఊరుకున్నాను.

తరువాత వానలు తెరిపిచ్చాయి. ఖర్కాయి దిగడం మొదలైంది. పిల్లలూ, ఇది బాగా వినండి. అందరూ ఏరు నిండుగా ఉన్నప్పుడు భయపడతారు. నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్ళే గట్టుకి భుజమిచ్చి నిలబెడతాయి. ఏరు తగ్గితే ఆ భుజం పోతుంది, గట్టు లోపలి తడి మాత్రం అలాగే ఉంటుంది. జారేది అప్పుడే. ఘోష్ బాబు బడికి వెళ్ళి అందరికీ ఇదే చెప్పాడు, ఈసారి ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చెప్పాడు. అయినా ఎండ కాసేసరికి మనుషుల మనసు ఇంటివైపు లాగుతుంది. తాళాలు చూసి వస్తామని కొందరు బయలుదేరబోయారు. ముందు పైడమ్మనే అడగడానికి వచ్చారు.

"ఎల్దామా పైడీ? గోడలకి సున్నమేసుకోవాల."

పైడమ్మకీ ఆశగానే ఉంది. నా మొహం చూసింది, గడప చూసింది. "పదారు రోజుల పండక్కి పిల్ల దీన్ని దాటుకుని లోపలికి రావాల. అందాక దీన్ని కదపను. గడపలేని ఇంట్లోకి నానెల్లను, మీరూ ఎల్లకండి. మంచిది కాదు."

వాళ్ళు ఆగారు. సబ్బు మాటకి సగం, గడప మాటకి సగం.

మర్నాడు మధ్యాహ్నం, మంచి ఎండలో, గట్టు మధ్యభాగం కూర్చుండిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదట. మేము వెళ్ళేసరికి పైడమ్మ ఇల్లున్న చోట ఆకాశం కనిపిస్తోంది. ఘోష్ బాబు ఒడ్డున నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. పైడమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి, "ఏడవకు బాబూ, పిల్లలందరూ ఉన్నారు గదా," అని ఓదార్చింది. ఇల్లు పోయింది దానిది, ఓదార్పు ఆయనకి.

ఇప్పుడు పైడమ్మ గోవింద్‌పూర్‌లో ఉంటోంది. ఆ గడపనే కొత్త ఇంటికి పెట్టాడు సూరయ్య.

ఇదంతా లావణ్యకి చదివి వినిపించాను. అది తన ఫోను తీసి చూపించింది. ఇప్పుడు గాజుపట్టీలు లేవట. అగ్గిపెట్టెంత పెట్టె గోడకి బిగిస్తారు, గోడ వెంట్రుకవాసి కదిలినా ఆఫీసుకి కబురొస్తుంది. మంచిదే. పనికొచ్చే వస్తువుని నేను ఎప్పుడూ కాదనను.

"ఆ పెట్టెకి ఎవలైనా పసుపు రాత్తే ఏటి సేత్తావు?" అని అడిగాను.

"పోంఛ్ దూంగీ, నానీ." తుడిచేస్తానంది.

"తుడవకు. ముందల ఆమె పక్కన కూకో. ఎందుకు రాసిందో అడుగు."

అది నా చేతిలో కాగితాలు వరసగా సర్ది, మొదటినుంచి మళ్ళీ చదవమంది. ఈసారి తెలుగులో అడిగింది.